దిబ్బ గెలిపించిన కప్పు

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరం. శృంగవరపుకోట దగ్గర, జగన్నాధం నిరుటిదాకా దున్నుకున్న చోడిచేనులో వేసిన మైదానంలో ప్రొఫెషనల్ ఆటగాళ్ల పెద్ద గోల్ఫు పోటీ ఆఖరికొచ్చింది. పాలచెంబుతో వచ్చిన అతన్నీ, భార్య జగ్గమ్మనీ తాడు దగ్గరే ఆపేశారు. ఆట అయ్యేదాకా లోపలికి రాకూడదట.

ఒక ఆటగాడు బంతి కొట్టాడు; అది కన్నంలో పడితే కప్పు అతనిదే. గురి తప్పి పక్కకి దూసుకుపోయిన బంతి చిన్న మట్టిదిబ్బకి కొట్టుకుని, వెనక్కి దొర్లి కన్నంలో పడింది.

జనం ఈలలేశారు. ఆటగాడు దిబ్బ ఎక్కి చేతులు పైకెత్తాడు.

"దిగమని సెప్పు మావా!"

"నా మాట ఎవులింటారే?"

జగ్గమ్మే అరిచింది. "బాబూ! ఆ కిందన మా గుంటడున్నాడు, నా కొడుకు! పాతిపెట్టి ఇయ్యాల్టికి ఏడాది!"

ఈలల గోలలో మాటలు వినబడక, తనని మెచ్చుకుంటోందనుకుని, ఆటగాడు దిబ్బ మీంచే నవ్వుతూ చెయ్యూపాడు.