గిటారు మెడలో రాత

“పైనున్న పేరు అమ్మినవాళ్లది. మెడ విప్పితే లోపల చేసినవాడి రాత ఉంటుంది. అది చూపిస్తేనే కొంటా,” అన్నాడు పాత గిటార్లు కొనే ప్రణీత్ వీడియోకాల్లో.

లాక్‌డౌన్‌తో, ఐలయ్య బతుకుదెరువుకు వలసవచ్చిన భేస్తాన్‌లో మగ్గాలు ఆగాయి. ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. తుక్కులో దొరికిన ఆ జపాన్ గిటారు స్క్రూలు విప్పి, ఐలయ్య ఛార్జరు కోసం అటు తిరిగాడు. ఇటు తిరిగేసరికి భార్య రాజవ్వ పెట్రోలు గుడ్డతో లోపల రుద్దుతోంది.

“ఏం జేస్తున్నవే?”

“పెన్సిల్ మరకలు! కార్ఖానల చీరల మీదియి తీసినట్టే తీసిన.”

ప్రణీత్ తల పట్టుకుని ఫోన్ పెట్టేశాడు.

ఐలయ్య తిట్టబోయి ఆగాడు. ఇరవై ఏళ్లుగా అదే కార్ఖానలో తాను నేసిన ప్రతి చీర కొసనా పెన్సిల్‌తో తన పేరు రాస్తున్నాడు.

“నా పేరు గూడ గిట్లనే తుడిసినవా?”

“ఒక్కటి గూడ ఇడ్వలే,” అంది రాజవ్వ గర్వంగా.