గాజుపలకలో అత్తాకోడళ్లు

"కోడలు గెలిచింది!"

మైక్రోస్కోపు దగ్గరున్న తోటి పరిశోధకురాలి కేకకి ల్యాబంతా పరిగెత్తుకొచ్చింది. ఎవరో చప్పట్లు కొట్టారు. "అత్త పని అయిపోయిందిరోయ్!" అన్నారింకెవరో. అని, ఆ ప్రయోగం నడుపుతున్న ఆమె ముఖం చూసి నాలుక కరుచుకున్నారు.

అత్తా, కోడలూ రెండూ బ్యాక్టీరియాలే. గాజుపలకలో పక్కపక్కన రెండు బుల్లి గదులు, మధ్య సన్నటి జల్లెడ గోడ. ఏ గదికి ఆ గదికే ఆహారం మోసుకొచ్చే వెంట్రుకంత కాలువ. ఒకదాని విషం ఇంకోదానికి చేరుతుంది గానీ ఒకదాన్నొకటి తాకలేవు. ఇన్నాళ్లూ కోడలే చచ్చేది. నిన్న ఆమె కాలువల వేగం తగ్గించాక కథ మారింది.

ఆ పేర్లు పెట్టింది ఆమె అత్తగారే, ఆస్పత్రి మంచం మీద నుంచి. "నా ఊపిరితిత్తుల్లోంచి తీసిన పురుగు అత్త. నీ నోట్లోంచి తీసింది కోడలు. నువ్వే గెలవాలి సుమా! ఓడిపోయావో, గడప తొక్కనివ్వను" అని దగ్గుతూనే నవ్వింది.

కోడలు గెలిచింది. అత్తగారు పోయి అప్పటికి నెలయింది.

కబురందుకుని సాయంత్రం భర్త వచ్చాడు. ఆమె అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టింది.

"ముత్యాల దండల్లా ఉన్నాయే, అవి కోడలు. పుల్లల్లా పగిలిపోతున్నవి అత్త. రాత్రికల్లా ఆ పీడ విరగడవుతుంది."

అతను మైక్రోస్కోపు మీంచి కన్ను తీయలేదు. "ఇంకెన్ని మిగిలాయి?"

"ఆ మూల నాలుగైదు."

"ఫ్రీజర్లో దాచావుగా?"

"మొన్న ఫ్రీజర్ చెడిపోయింది కదా, అన్నీ పోయాయి. ఇక ఇవే."

"కోడల్ని ఆపెయ్."

"పిచ్చా నీకు? అత్తయ్యని మింగింది ఈ అత్త పురుగే!"

"తెలుసు." అతను ఆమె వైపు తిరిగాడు. "అమ్మ ఒంట్లో పెరిగినవాళ్లలో ఇక మిగిలింది నేనూ, ఇవే."

ఆమె పక్కకి వంగింది. చెయ్యి చాపి కోడలి గదికి ఆహారం పంపే పంపు కట్టేసింది.

తోటి పరిశోధకురాలు తలుపులోంచి తొంగి చూసింది. "రేపేం చేద్దామే?"

"కొత్త గాజుపలక తీసి పెట్టు" అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "పొద్దున్నే వేరు కాపురం పెట్టేస్తున్నాను. మా అత్తయ్య బతకాలి."