అట్‌బాషి అక్కచెల్లెళ్లు

“నువ్వు దిగిపోవాలి, బురుల్చా. ఈ పూటే,” అన్నాడు జెనిష్.

కచేరీకి ఇంకా అరగంట ఉంది. రాజధాని బిష్కెక్‌లోని ఆ పెద్ద హాలు నిండిపోయిన సంగతి గోడ అవతలి సందడే చెబుతోంది. కొండల్లోని అట్‌బాషి నుంచి వచ్చిన ఆ ముగ్గురి కచేరీలన్నీ కుదిర్చే జెనిష్ అద్దం ముందు ఒక కాగితం పెట్టాడు.

“మొదటి పాటకు ముందే చదివెయ్. ఇక ఇంటిపట్టున ఉంటాను, సెలవు అని రెండు ముక్కలు. జనం కళ్లు తుడుచుకుంటారు. నీకూ గౌరవం.”

“నా చోట ఎవరు?”

“ఓష్‌లో ఒక పిల్లను చూశాను. ఇరవై ఏళ్లు. టీవీ వాళ్లకు కుర్రమొహాలే కావాలట. మీ పినతల్లి కూతురని చెబుదాం. ఎవరు అడగొచ్చారు?”

బురుల్చా ఒళ్లోని కొముజ్ తీగలు మూడూ ఒక్కొక్కటే బిగించి చూసుకుంది.

“జెనిష్ అన్నా, మా పేరు అట్‌బాషి అక్కచెల్లెళ్లు. కూలికి తెచ్చిన చెల్లెలు అందులో ఇమడదు.”

“పేరుదేముంది? గోడ మీద అంటించుకునేది.”

“పన్నెండేళ్లుగా దాన్ని మోస్తున్నది మేము.”

నడిపిది నుర్జాదా చెవికి లోలాకు పెట్టుకుంటూ అందుకుంది. “ఆ పిల్లను మీ చెల్లెల్ని చేసుకోండన్నా. మీరిద్దరే పాడండి. తాళం వేసుకోవడానికి మీ బొజ్జ ఉండనే ఉంది.”

చిన్నది అక్మరల్ పకపకా నవ్వింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. ముగ్గురిలోకీ మంచి గొంతు దానిదే.

జెనిష్ నవ్వలేదు. “ఏడాది నోరు మూసుక్కూచున్నారు. జనం మరిచిపోవడానికి అది చాలదూ?”

నిజమే. నిరుడు అమ్మ పోయింది. ఏడాది నిండి, గుర్రాన్ని కోసి ఊరందరికీ పెట్టిన రోజు దాకా ఆ ఇంట్లో ఎవరూ పాట ఎత్తలేదు. నల్లబట్టలు విప్పి పది రోజులే అయింది. పోయేముందు అమ్మ బురుల్చా చెయ్యి పట్టుకుని ఒకే మాట అంది, “చిన్నదాని మనసు రెండు చెయ్యకు” అని. బురుల్చా సరేనంది. ఆ తర్వాత అక్మరల్ నోట ‘అమ్మా’ అన్న పిలుపు వినబడక ఇల్లు బోసిపోయింది.

“పద్దెనిమిదేళ్లకే మొగుణ్ణి వదిలేసి వచ్చావు,” అన్నాడు జెనిష్. “పిల్లల్లేరు. ముప్పై ఏడేళ్లొచ్చాయి. ఎవరి కోసం ఈ పాట్లు?”

బురుల్చా తల వంచి తీగ సవరించుకుంది.

బృందం కడదామన్నది ఆమే. చిన్నది లేకుండా నేను పాడనని ఆనాడు అమ్మతో మొండికేసిందీ ఆమే. వేసవిలో కొండమీది మేతబీళ్లలో లారీ వెనక తలుపు దించి దాని మీదే పాడేవాళ్లు. అక్మరల్‌కు ఏడేళ్లు. మైకు అందక, గుర్రప్పాలు పులియబెట్టే కుమిస్ పీపా మీద నిలబడేది. ఎత్తి ఎక్కించేది బురుల్చా. “అక్కా, శ్రుతి ఇవ్వు,” అనేది ఆ పిల్ల. బురుల్చా తీగ మీటేది. పాట మొదలయ్యేది. ఇప్పటికీ ప్రతి కచేరీ అలాగే మొదలవ్వాలి. జనం ఆ పిలుపు కోసం కాచుకుని ఉంటారు.

“చదవను,” అంది బురుల్చా.

“అయితే టీవీ వాళ్ల ఒప్పందం ముగ్గురికీ లేనట్టే. చిన్నదానికి కూడా. దాని గొంతు మళ్లీ ఆ లారీల మీదే అరిగిపోతుంది. ఆలోచించుకో.”

తలుపు ధడాలున మూసి వెళ్లిపోయాడు.

బురుల్చా లేచి అక్మరల్ వెనక నిలబడి జడ అల్లసాగింది. ఆ పని ఆమె ఇంకెవరికీ ఇవ్వదు.

“మనకు చెల్లెల్ని తెస్తాడట!” అంది అక్మరల్. “ఆయన వరసలే ఆయనకు తెలీవు. తొలి మనవడు మా వాడేనని నాయనమ్మ పట్టుకుపోయి కొడుకులా పెంచుకుందట. ఇప్పటికీ కన్నతల్లిని ‘వదినా’ అంటాడు!”

అద్దంలో బురుల్చా కళ్లలోకి చూస్తూ నవ్వింది.

“చాల్లే, నోరు ముయ్యవే,” అంది నుర్జాదా.

బురుల్చా జడకొస ముడి వేసింది. అద్దం ముందున్న కాగితం చేతిలోకి తీసుకుంది.

“అక్కా, అది చదివావో, నేను పాడను.”

“పాడతావు,” అంది బురుల్చా. “పాడి తీరాలి.”

తెర లేచింది. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. బురుల్చా కొముజ్ చంకన పెట్టుకుని మైకు ముందుకొచ్చి కాగితం విప్పింది.

“ఇక నేను ఇంటిపట్టున...”

కాగితం చేతిలోంచి జారిపోయింది. లాక్కున్నది అక్మరల్. నాలుగు మడతలు పెట్టి బూటులో దోపుకుంది. హాలు గొల్లున నవ్వింది. తెర చాటున జెనిష్ మొహం కందగడ్డయింది. చిన్నదాని వైపు వేలు ఆడించాడు.

అక్మరల్ అతని వైపు ఒకసారి చూసి, మైకు దగ్గరకు లాక్కుంది.

“మాలో ఒకరు దిగిపోవాలట. లేకపోతే మమ్మల్ని టీవీలో చూపించరట. చూపించొద్దు. ఎవరూ దిగరు. గోడ మీది పేరే మార్చుకుంటాం.”

హాలు సద్దుమణిగింది. అలవాటుగా బురుల్చా వేళ్లు తీగల మీదికి వెళ్లి, ఆ పిలుపు కోసం ఆగాయి.

“నిరుడు పోయినావిడ మా అమ్మమ్మ,” అని జనంతో చెప్పి, అక్మరల్ బురుల్చా వైపు తిరిగి, “అమ్మా, శ్రుతి ఇవ్వు,” అంది.