ఆఖరి జవాబు

హాలంతా చప్పట్లు కొట్టింది. లీలావతి ఒక్కతే కొట్టలేదు.

దేశ రాజధాని పక్కనున్న ఇందిరాపురంలో వాళ్ల అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ప్రతి ఆదివారం ఉదయం సునందగారు ధ్యానం క్లాసు నడుపుతారు. పద్ధతి చిన్నదే. ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు “మీరెవరు?” అని అడగాలి. రెండోవారు ఏదో ఒక జవాబు చెప్పి, దాన్ని మనసులోంచి వదిలేయాలి. మళ్లీ అదే ప్రశ్న. పేరు, చదువు, హోదా ఒక్కొక్కటే రాలిపోతుంటే అహం దానంతట అదే పోతుందట.

భర్త సదాశివరావును అక్కడికి లాక్కెళ్లింది లీలావతే. కేంద్ర ప్రభుత్వంలో జాయింట్ సెక్రటరీగా రిటైరయినా, ఆయన నెత్తికెక్కిన కుర్చీ మాత్రం దిగలేదు. గేటు దగ్గర గార్డు సెల్యూట్ కొట్టకపోతే “జాన్తా నహీ, మై కౌన్ హూఁ?” అని, తనెవరో తెలీదా అని విరుచుకుపడేవారు. కాఫీ కాస్త చల్లారితే గ్లాసు వెళ్లి సింకులో పడేది. పెళ్లయిన నాటి నుంచీ భార్యకు ఆయన పెట్టిన పేరు “ఏమే.” ఈ మనిషికి అహం పోతే చాలు, ఇంకేమీ అడగనని లీలావతి మొక్కని దేవుడు లేడు.

మొదట్లో క్లాసులోనూ అదే వరస. “మీరెవరు?” అంటే “జాయింట్ సెక్రటరీ.” మళ్లీ అడిగితే “ఒకసారి చెప్పాను కదా!” అని కసిరేవారు.

తర్వాత్తర్వాత మార్పు వచ్చింది. ఒకరోజు తలుపు మీద తన నేమ్‌ప్లేటు ముందు నిలబడి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి, “ఎవరండీ ఈయన?” అన్నారు. క్లాసు బాగానే పనిచేస్తోందని లీలావతి నవ్వుకుంది. మరోరోజు ఆ గార్డు చెయ్యే పట్టుకుని లిఫ్టు దాకా నడిచొచ్చి, “ధన్యవాద్ భయ్యా” అని దండం పెట్టారు.

“సాబ్ బహుత్ బదల్ గయే, ఆంటీజీ,” అంటూ సార్ చాలా మారిపోయారని మెచ్చుకున్నాడు గార్డు.

ఎవరినైనా మన్నించి మాట్లాడమని సునందగారు చెప్పినందుకు కాబోలు, ఆయన భార్యను కూడా “మీరు” అనడం మొదలుపెట్టారు. “మీకు శ్రమ ఇస్తున్నానండీ,” అంటూ చల్లారిన కాఫీ మారు మాట్లాడకుండా తాగేవారు. లీలావతి మొదట సిగ్గుపడింది. పోనుపోనూ ఆ మర్యాదకు భయపడింది. మొగుడు రోజురోజుకీ దూరం జరుగుతున్నట్టే ఉంది.

క్లాసులో ఆయన ఎన్ని జవాబులు వదిలేసినా ఒక్కటి మాత్రం మిగిలేది. “లీలావతి భర్తను.” అక్కడికొచ్చి ఆగిపోయేవారు. ఈ ఆదివారం అదీ రాలేదు. అడిగినకొద్దీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చివరికి “తెలియడం లేదు,” అన్నారు.

చప్పట్లు అందుకే.

“ఏళ్ల తరబడి కూర్చున్నా ఈ స్థితి రాదు. అదృష్టవంతులు లీలావతిగారూ!” అన్నారు సునంద.

“నాకు గుబులుగా ఉందమ్మా. అన్నీ వదిలేసిన మనిషి నన్ను మాత్రం ఉంచుకుంటారా?”

“అది మీ అహం. ఇక దాని సంగతి చూసుకోండి,” అని ఆవిడ నవ్వేశారు.

మధ్యాహ్నం భోజనానికి పిలవడానికి వెళ్లేసరికి సదాశివరావు పడకగదిలో సంచీ సర్దుకుంటున్నారు. రెండు చొక్కాలు, ఒక తువ్వాలు. ఇక సన్యాసమే అనుకుంది లీలావతి. ఇక్కడి నుంచి హరిద్వార్ ఎంత దూరం గనక! బస్సెక్కితే సాయంత్రానికి గంగ ఒడ్డునే.

“ఎక్కడికండీ?”

“వెళ్లాలండీ. ఇప్పటికే ఆలస్యమైంది.”

లీలావతి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆయన రెండు చేతులూ పట్టేసుకుంది.

“అరవండి. గ్లాసులు విసిరికొట్టండి. ఏమే అనే పిలవండి. నాకు ఆ మనిషే కావాలి. మీ సన్యాసం కోసం నన్ను ఒంటరిదాన్ని చేసి పోకండి!” అని భోరుమంది.

సదాశివరావు కంగారుపడ్డారు. జాలిగా చూశారు. మెల్లగా చేతులు విడిపించుకుని, వినయంగా నమస్కారం పెట్టారు.

“మీరు చేసిన మేలు మరచిపోనమ్మా, కానీ ఇంటి దగ్గర మా లీలావతి ఒక్కతే నాకోసం ఎదురుచూస్తూ ఉంటుంది.”