గోల్ఫు కోర్సు మీద మీసాల పందెం

"మీసం పందెం, బావగారూ," అన్నారు వెంకటపతిరాజుగారు, మీసం మెలితిప్పుతూ.

భార్య అన్నగారైన శ్రీనివాసరాజుగారు ఊరుకుంటారా? తన మీసం మీద చెయ్యేసి సరేనన్నారు.

గొడవల్లా అమెరికాలో నూరేళ్ళు దాటిన ఓ గోల్ఫు కోర్సుని ఎవరు గీశారన్నది. భీమవరంలో ఇంట్లో కూర్చుని అక్కడి క్లబ్బులకి ఇలాంటి సంగతులు వెతికిపెట్టడం వెంకటపతిరాజుగారి అమ్మాయి కీర్తిప్రియ ఉద్యోగం. పాత పేపర్లు తిరగేస్తే ఇద్దరు తేలారట. స్కాట్లండు నుంచి వచ్చి, ఏది ఎక్కడ రావాలో ఒక్కరోజులో పుల్లలు పాతి వెళ్ళిపోయిన ఆటగాడొకడు. అక్కడే ఉండి ఏళ్ళతరబడి దాన్ని తీర్చిదిద్దిన బ్యాంకు యజమాని ఇంకొకడు.

"ముగ్గు పోసినవాడిదేనండి చెరువు," అన్నారు వెంకటపతిరాజుగారు, తన రొయ్యల చెరువుల లెక్కలో.

"ముగ్గు పోసి పోతే చెరువైపోద్దాండి? దగ్గరుండి గట్టు వేయించినోడిదే," అన్నారు బావగారు.

ఆయన అటు వెళ్ళగానే వెంకటపతిరాజుగారికి గుండె జారింది. మీసం లేని మొహంతో రొయ్యల కొనుగోలుదార్ల ముందు ఎలా కూర్చోవడం? కూతురి గది గుమ్మంలో నిలబడి, కాస్త స్కాట్లండు వైపు మొగ్గు చూపించమ్మా అని బతిమాలారు. సాక్ష్యం ఎటుంటే అటేనండి అని ఆ పిల్ల తలుపేసుకుంది.

సాయంత్రం భార్య నీలవేణి కాఫీ ఇస్తూ కబురు చల్లగా చెప్పింది. కోర్సు గీసింది ఆ ఇద్దరూ కాదట, బ్యాంకు యజమాని పెళ్ళామట. అంటే ఇద్దరూ ఓడినట్టే. పక్కింట్లో బావగారికి ఆయన భార్య నాగవల్లి ఈపాటికి చెప్పేసే ఉంటుందట.

వెంకటపతిరాజుగారికి ఏడుపొక్కటే తక్కువ. అయినా మాటంటే మాటే. మాట నిలబెట్టుకోవడంలోనైనా బావగారికంటే ముందుండాలని, కాఫీ సగంలో వదిలేసి సెలూనుకి పరిగెత్తారు.

తిరిగొచ్చేసరికి మూతికి రుమాలు అడ్డం ఉంది. గదిలోంచి బయటికొచ్చిన కీర్తిప్రియ తండ్రిని ఎగాదిగా చూసింది.

"అదేంటి నాన్నగారూ? ఎవరు గీశారో నాకే ఇంకా తేలందే, అప్పుడే తీయించేశారేంటండి?"

వెంకటపతిరాజుగారు గిర్రున వంటింటి వైపు తిరిగారు. నీలవేణి అప్పటికే ఫోన్లో ఉంది.

"మావారే ముందు తీయించుకొచ్చారు వదినా. మన పందెం నేనే గెలిచాను."