వెల్లండి

ఆ అపార్టుమెంటు లిఫ్టులో పలికేది ఆమె గొంతే. ప్రకటనలకు గొంతివ్వడం ఆమె వృత్తి.

"తలుపులు తెరుచుకుంటున్నాయి. జాగ్రత్తగా వెళ్ళండి."

ఆ ‘ళ’ కోసం ఎన్ని తంటాలు పడిందో ఆమెకే తెలుసు. పుట్టింట్లో అందరూ ‘వెల్లు’, ‘నీల్లు’ అనేవాళ్ళే. మొక్కప్పుడు వంగని నాలుక ఎలాగో మానయ్యాక వంగింది. ఆ తర్వాత ఆమె అమ్మతో కూడా పాత మాట మాట్లాడలేదు. ఫోను చేస్తే, "ఎవరండీ మీరు? మా అమ్మాయికివ్వండి," అని అమ్మ ఎగతాళి చేసేది. ఇప్పుడు అమ్మ లేదు. ఆ మాటా లేదు.

ఆ రాత్రి స్టూడియో నుంచి ఆలస్యంగా వచ్చి, ఒంటరిగా లిఫ్టెక్కింది. తన అంతస్తు రాగానే గొంతు పలికింది.

"జాగ్రత్తగా వెల్లండి."

ఆమె ఉలిక్కిపడింది. గొంతు తనదే. కానీ అలా ఏనాడూ రికార్డు చెయ్యలేదు.

"‘వెల్లండి’ కాదు, ‘వెల్లండి’," అని సరిదిద్దబోయి ఆగిపోయింది. మళ్ళీ అని చూసింది. నాలుక మడత పడలేదు.

ఆమె బయటికి రాగానే లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. వరండాలో చీమ చిటుక్కుమనడం లేదు. ఆమె పరుగున వెళ్ళి ఇంటి తలుపు బాదింది.

"ఏవండీ, తియ్యండి! తాలం మర్చిపోయాను."

భర్త అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. "ఎవరండీ?"

"నేనేనండీ! నా గొంతు పోల్చుకోలేరా?"

 అతని వెనక నుంచి ఆమె గొంతే, నాలుక చక్కగా మడిచి, తీయగా పలికింది.

"ఇల్లు తప్పినట్టున్నారు, పాపం. జాగ్రత్తగా వెళ్ళమనండి."