నీలవేణి బదులు

మంచం పట్టినవాళ్ళను చూసుకునే పిల్లల చదువు ఆగకూడదని, పాలిటెక్నిక్ వాళ్ళు అలాంటి ప్రతి ఇంటికీ ఒక రోబోను పంపించారు. నీలవేణి ఇంటికీ వచ్చింది. అయితే అది ముద్ద కలిపి పెడితే, పక్షవాతంతో పడుకున్న అమ్మ పెదవి బిగించి మొహం తిప్పేసుకుంది. రెండు రోజులు చూసి, నీలవేణి తన యూనిఫాం చున్నీ దాని మెడలో వేసి క్లాసుకు తోలేసింది. అది మొదటి బెంచీలో కూర్చుని పాఠమంతా రాసుకొచ్చింది.

మర్నాడే ప్రిన్సిపాల్ గారు ఫోను తెరమీద మండిపడ్డారు.

"నీ బదులు రోబో కూర్చుంటే హాజరు ఎలా వేస్తామమ్మా? మనిషి రావద్దూ?"

అమ్మ మూతి తుడిచి, నీలవేణి ఫోను మంచంవైపు తిప్పింది.

"మా అమ్మకి నా బదులు రోబో చాలన్నారు కదండీ. మీ బెంచీకి మాత్రం మనిషే కావాలా?"